హుండీకి రెండు తాళాలు: ‘లౌకికం’ అన్న మాట ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చింది

కోనసీమలో ఓ మోస్తరు రాబడి ఉన్న గుడి హుండీ చూడండి. తాళాలు రెండుంటాయి. ఒక తాళంచెవి దేవాదాయ శాఖ వేసిన ఈవో (ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు) దగ్గర, రెండోది ధర్మకర్తల దగ్గర. తాళాల మీద గుడ్డ చుట్టి లక్కతో సీలు. విప్పే రోజున శాఖ తరఫున ఇన్‌స్పెక్టరు వస్తాడు, సీలు చెక్కుచెదరలేదని నలుగురి ముందూ చూపిస్తారు, తర్వాతే గుమ్మరిస్తారు. చాప మీద నోట్లు ఒక పక్క, చిల్లర ఒక పక్క, మొక్కుకుని వేసిన వెండి కళ్లూ బంగారు పుస్తెలూ ఇంకో పక్క. తడిసిన నోట్లు, చిరిగిన నోట్లు వేరే కట్ట. బంగారం తూకం వేసి రాస్తారు, సంతకాలు పెడతారు, డబ్బు బ్యాంకుకు పోతుంది. ఇదంతా జరుగుతున్నంతసేపూ గర్భగుడిలో అర్చకుడు తన పని తాను చేసుకుంటూ ఉంటాడు. అటు ఈవో వెళ్లడు, ఇటు అర్చకుడు రాడు.

హుండీలో వేయడం భక్తి, విప్పి లెక్కపెట్టడం లౌకికం. ‘సెక్యులరిజం’ మీద టీవీల్లో గంటలకొద్దీ సాగే గొడవలో సగం ఈ గీత ఎక్కడుందో చూడకపోవడం వల్ల వచ్చేదే.

ముందు మాట సంగతి చూద్దాం. సెక్యులర్ అనే పదం 1976లో ఇందిరా గాంధీ ఎమర్జెన్సీలో 42వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిందని అందరూ అంటారు. పీఠిక వరకు అది నిజమే. కానీ అదే పదం 1950 నుంచీ రాజ్యాంగంలో ఉంది. 25వ అధికరణం రెండో క్లాజులో, మతాచారంతో ముడిపడి ఉండే ‘ఆర్థిక, రాజకీయ, ఇతర లౌకిక కార్యకలాపాలను’ ప్రభుత్వం నియంత్రించవచ్చని రాశారు. పీఠికలో లౌకికం అన్నది రాజ్యానికి విశేషణం: దేశానికి సొంత మతం లేదు అని. 25లో అది పనికి విశేషణం: గుడిలో జరిగే పనుల్లో ఇది దైవకార్యం, ఇది లోకవ్యవహారం అని. ఒకే పుస్తకంలో ఒకే మాటకు రెండు అర్థాలు. ఉపన్యాసాలన్నీ మొదటి అర్థం చుట్టూ తిరుగుతాయి. మన ఊళ్లో గుడి మాన్యం ఎవరు దున్నాలో తేల్చేది రెండోది.

ఆ రెండో అర్థం తెలుగువాడికి కొత్తదేం కాదు. ‘లౌక్యం తెలిసినవాడు’ అంటే మనకు దేవుణ్ణి నమ్మనివాడు కాదు, కాగితం, మనిషి, సమయం చూసి పని చక్కబెట్టేవాడు. బ్రాహ్మణుల్లో వైదికులు, లౌక్యులు అని పాత విభజన ఉండేది. వైదికం వాళ్లు క్రతువులు చూసుకుంటే లౌక్యులైన నియోగులు కరణీకాల్లో, కచేరీల్లో ఉండేవారు. లౌకికం అంటే దస్త్రం పట్టుకున్న చేయి అన్నమాట.

చిత్రమేమిటంటే లాటిన్‌లోనూ ఇంచుమించు ఇదే కథ. సెక్యులమ్ అంటే కాలం, ఈ లోకం. మధ్యయుగాల్లో మఠ నియమం కింద బతికే సన్యాసులు ‘రెగ్యులర్’, ఊళ్లో జనం మధ్య ఉండే విచారణ గురువులు ‘సెక్యులర్’. అంటే చరిత్రలో మొట్టమొదటి సెక్యులర్లు ఫాదర్లే! తర్వాత 1648 వెస్ట్‌ఫాలియా సంధి నాటికి ఆ మాట భూమి మీదికి దిగింది. చర్చి ఎస్టేట్లు రాజుల చేతికి మారడాన్ని ‘సెక్యులరైజేషన్’ అన్నారు. ‘సెక్యులరిజం’ అని ఒక సిద్ధాంతానికి పేరు పెట్టింది ఇంగ్లండులో జార్జ్ జేకబ్ హోలియోక్, 1851లో. మనిషి, ఆ తర్వాత ఆస్తి, అన్నిటికన్నా ఆఖర్న సిద్ధాంతం. ఇప్పుడు మనం తలకిందులుగా మొదలుపెడుతున్నాం.

‘చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ’ అన్న మాట కూడా అలాగే అర్థం మార్చుకుంది. 1802 జనవరి 1న థామస్ జెఫర్సన్ కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకు రాసిన జవాబులో ఆ గోడ ఉంది. ఆ గోడ కావాలని అడిగింది నాస్తికులు కాదు, భక్తులు. కనెక్టికట్‌లో అప్పటికి ప్రభుత్వ చర్చి కాంగ్రిగేషనల్ వాళ్లది, బాప్టిస్టులకు అక్కడ మతస్వేచ్ఛ హక్కుగా కాక దయగా దొరికేది. 1791 నాటి మొదటి సవరణ అమెరికా కాంగ్రెసు చేతులు కట్టేసిందే గాని రాష్ట్రాల చేతులు కట్టలేదు. మసాచుసెట్స్‌లో అధికారిక చర్చి 1833 దాకా నడిచింది. రాష్ట్రాలకూ ఆ గోడ వర్తిస్తుందని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది 1947లో, ఎవర్సన్ కేసులో. తమాషా ఏమిటంటే అందులోనే చర్చి బడులకు వెళ్లే పిల్లల బస్సు చార్జీలు ప్రభుత్వం ఇవ్వొచ్చని కూడా తేల్చింది. 2022లో ఇంకో అడుగు ముందుకు వేసి, మెయిన్ రాష్ట్రం ప్రైవేటు బడులకు ఫీజు సాయం ఇస్తే మతబడులను పక్కన పెట్టకూడదంది. గోడ అదే, తలుపులు పెరిగాయి. చర్చిని సర్కారు నుంచి కాపాడటానికి కట్టిన గోడ సర్కారును చర్చి నుంచి కాపాడే గోడగా మారి, ఇప్పుడు మళ్లీ పాత వైపుకు జరుగుతోంది.

అన్నట్టు కాకినాడలో మెక్‌లారిన్ హైస్కూలు కెనడా బాప్టిస్టుల చలవే. ప్రభుత్వ సొమ్ము చర్చికి పోకూడదన్న పట్టుదలతో పుట్టిన సంప్రదాయం వాళ్లది.

ఫ్రాన్సు 1905 చట్టం విడాకులంత గట్టిది అంటారు. కానీ ఆస్తుల దగ్గరికి వచ్చేసరికి చూడండి: అప్పటికే ఉన్న ఊరి చర్చి భవనాలు మునిసిపాలిటీలవి, కెథెడ్రల్స్ ప్రభుత్వానివి, ప్రార్థన మాత్రం క్యాథలిక్కులది, అదీ అద్దె లేకుండా. కప్పు కారితే బాగుచేయించేది మునిసిపాలిటీయే. ఆల్సాస్, మోజెల్ ప్రాంతాలు 1905లో జర్మనీ ఏలుబడిలో ఉండటంతో ఆ చట్టం అక్కడికి చేరనే లేదు. అక్కడ ఫాదర్లకు, పాస్టర్లకు, రబ్బీలకు ఈ రోజుకీ ప్రభుత్వ జీతమే. ఇక ఇంగ్లండులో 26 మంది బిషప్పులు పార్లమెంటు ఎగువసభలో కూర్చుంటారు, అయినా అక్కడి జనంలో గుడికి వెళ్లేవాళ్లు తక్కువ. విడదీయడం అనేది ఒక్క దెబ్బతో అయ్యే పని కాదు. భవనం ఎవరిది, జీతం ఎవరిస్తారు, లెక్క ఎవరు చూస్తారు అని దేశానికో రకంగా తెగింది.

ఇక మన దగ్గరికి వద్దాం. మద్రాసు ప్రెసిడెన్సీలో గుళ్ల పెత్తనం ఈస్టిండియా కంపెనీ 1817లోనే తీసుకుంది, ఏడో రెగ్యులేషన్ కింద. రెవిన్యూ బోర్డు, దాని కింద కలెక్టర్లు మాన్యాల రాబడి చూసేవారు, మరమ్మతులు చేయించేవారు, రథం లాగడానికి ఊళ్ల నుంచి మనుషుల్ని పంపే ఏర్పాట్లు కూడా వాళ్లవే. దొరగారు రథోత్సవం ఏర్పాట్లు చేయడం మిషనరీలకు కంటగింపు అయ్యింది. విగ్రహారాధనకు క్రైస్తవ ప్రభుత్వం కాపలా ఏమిటని లండన్‌లో గొడవ చేశారు. గుళ్ల నుంచి తప్పుకోమని 1833లో ఆదేశం వచ్చింది. అది అమలు కావడం లేదని మద్రాసు సేనాధిపతి సర్ పెరిగ్రిన్ మెయిట్‌లాండ్ 1838లో ఉద్యోగమే వదులుకున్నాడు. 1840ల మొదట్లో కలెక్టర్లు గుళ్ల తాళాలు అప్పజెప్పడం మొదలెట్టారు. 1863లో 20వ చట్టంతో ఆ పని పూర్తయింది.

అంటే ఈ నేల మీద గుడినీ ప్రభుత్వాన్నీ మొదటిసారి విడదీసింది మిషనరీల ఒత్తిడి. అదే సమయంలో మద్రాసులో 1835 నుంచి ప్రభుత్వ బిషప్పు ఉన్నాడు. చాప్లెయిన్ల జీతాలు మన శిస్తు సొమ్ములోంచే. ఆ చర్చికీ ప్రభుత్వానికీ ఉన్న చట్టబంధం తెగింది 1930 మార్చి 1న. ఆ తర్వాత కూడా 1935 చట్టంలో మతశాఖ ఖర్చుకు ఏడాదికి 42 లక్షల రూపాయల దాకా వీలుంచుకున్నారు. ఒకరి గుడి నుంచి చేయి తీసి, రెండో చేత్తో తమ గుడికి పెట్టడాన్ని ఆనాడు ‘తటస్థత’ అన్నారు.

గోదావరి డెల్టాలో ఆ తప్పుకోవడం ఎంత చేటు చేసిందో తేదీలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. వానను నమ్ముకున్న మాన్యాలకు కాలవ నీళ్లు వచ్చాయి. మెట్ట పల్లమైంది, సార్వా (వానాకాలపు వరి) ఖాయమైంది, తర్వాత దాళ్వా (రెండో పంట) కూడా వచ్చింది. ఎకరం విలువ ఎన్నో రెట్లయింది. 1858లో ఇనాం కమిషన్ కూర్చుని ఎవరి ఇనాం (పన్ను మాఫీతోనో తగ్గింపుతోనో ఇచ్చిన భూమి) ఏదో తేల్చి, దేవుడి మాన్యాలకు టైటిల్ డీడ్ నంబర్లు ఇచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే పై నుంచి చూసే కన్ను మూసుకుంది. 1863 చట్టం పెట్టిన కమిటీల్లో సభ్యత్వం జీవితకాలం. ఏటా లెక్క చెప్పించుకునే అధికారి లేడు. తప్పు చేశాడని అనిపిస్తే కోర్టులో దావా వేసుకోవాలి. నీళ్లు వచ్చాయి, కాపలా పోయింది. అర్చక మాన్యం అర్చకుడి అల్లుడి పేర, భజంత్రీ మాన్యం అప్పులిచ్చినవాడి పేర, నిత్యదీపం కోసం ఇచ్చిన అరెకరం ఎవరి పేరా కాకుండా పోయిన ఊళ్లు ఈ రెండు పాయల మధ్యా చాలా ఉన్నాయి.

ప్రభుత్వం మళ్లీ లోపలికి వచ్చింది జస్టిస్ పార్టీ హయాంలో. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) పానగల్ రాజా తెలుగువాడే, కాళహస్తి వైపు మనిషి. హిందూ మత ధర్మాదాయ చట్టం 1925లో ఒకసారి, చెల్లుబాటు మీద అనుమానాలు రావడంతో 1927లో రెండో చట్టంగా మళ్లీ చేశారు. ఆలోచన దేవుడి మీద దాడి కాదు, ధర్మకర్త లెక్క చెప్పాలి అన్నది. 1951లో బోర్డు పోయి నేరుగా ప్రభుత్వ శాఖ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1966లో 17వ చట్టం, ఆపైన జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ నివేదిక పట్టుకుని 1987లో 30వ చట్టం. ఈ రోజు గుళ్లో ఈవో కూర్చుని ఉన్నది ఈ చివరి చట్టం కిందే.

కోర్టులు గీత ఎక్కడ గీశాయో రెండు కేసులు చాలు. ఉడిపి దగ్గరి శిరూరు మఠం కేసు 1954లో. ఏది మతంలో భాగమో ఆ మతమే చెబుతుంది, నైవేద్యం ఎన్నింటికి పెట్టాలో కమిషనరు చెప్పలేడు, కానీ ఆస్తి నిర్వహణ చట్ట ప్రకారమే అని సుప్రీంకోర్టు తేల్చింది. శాఖ వసూలు చేసే చందా అప్పటి రూపంలో పన్ను లాంటిదని కొట్టేసింది కూడా. అందుకే ఇప్పటికీ గుడి నుంచి శాఖకు వెళ్లే సొమ్మును పన్ను అనరు, చేసిన సేవకు రుసుము అంటారు. రెండోది మన రాష్ట్రం నుంచే, 1996లో నారాయణ దీక్షితులు కేసు. వంశపారంపర్య అర్చకత్వాన్ని 1987 చట్టం రద్దు చేసింది. కోర్టు సమర్థించింది. పూజ చేయడం మతం, పూజారిని నియమించడం లౌకికం అంది. ఆ వాక్యం వేలాది కుటుంబాల బతుకు మార్చింది. 2007లో సవరణ తెచ్చి, అర్హత ఉంటే ఆ కుటుంబాల వాళ్లకే మళ్లీ చోటిచ్చారు. గీత అదే కోర్టు, అదే రాజ్యాంగం కింద ముందుకీ వెనక్కీ జరుగుతూనే ఉంది.

ఇంకో మెలిక ఉంది. ఈ లౌకిక రాజ్యంలో దేవాదాయ కమిషనరు ఉద్యోగానికి హిందువై ఉండాలన్నది చట్టం. కొందరికి ఇది నవ్వులాటగా ఉంటుంది. నా మట్టుకు ఇది గీత ఎంత పలచనో ఒప్పుకోవడం. లెక్క చూసేవాడైనా గర్భగుడి గడప దాకా వెళ్లక తప్పదని చట్టం రాసినవాళ్లకు తెలుసు.

డెల్టాలో ఓ పెద్ద ఊరు తీసుకుంటే మూడు రకాల సంబంధాలు ఒకే వీధిలో కనిపిస్తాయి. గుడి నేరుగా శాఖ కింద. ఏడాది రాబడి 25 లక్షలు దాటితే 6(ఏ), 2 లక్షల నుంచి 25 లక్షల దాకా 6(బి), ఆ లోపు 6(సి) అని తరగతులు. పెద్ద గుళ్లు నిర్వహణ చందా, ఆడిట్ ఫీజు, సర్వశ్రేయోనిధి, అర్చక సంక్షేమ నిధి అన్నీ కలిపి రాబడిలో ఇంచుమించు ఐదో వంతు కట్టాలి. సర్వశ్రేయోనిధి పెట్టిందే రాబడి లేని గుళ్లను ఆదుకోవడానికి. మసీదు, దర్గా ఆస్తులు వక్ఫ్ బోర్డు కింద. ముతవల్లీ (ఆ ఆస్తుల నిర్వాహకుడు) నికర రాబడిలో 7 శాతం దాకా బోర్డుకు కట్టాలని 1995 చట్టం, దాన్ని 5 శాతానికి మించకుండా తగ్గించింది 2025 సవరణ. చర్చికి మాత్రం ప్రభుత్వ శాఖ లేదు, బోర్డు లేదు. ఆస్తి సంఘం పేరునో ట్రస్టు పేరునో ఉంటుంది. సొసైటీల రిజిస్ట్రారు దగ్గర ఏటా పాలకవర్గం జాబితా ఇవ్వాలి, అంతే. ఒక సంఘంలో రెండు వర్గాలు రెండు జాబితాలు ఇస్తే మందిరం (చర్చి) తాళం సివిల్ కోర్టు చేతిలోకి పోతుంది.

గుడి తరఫువాళ్లు ‘మా హుండీ మీద మాత్రమే కన్నెందుకు’ అంటారు. ఆ ప్రశ్నలో పస ఉంది. చర్చి సంఘం పెద్దల్ని అడిగితే ఇంకోలా చెబుతారు: ‘మా ఆస్తి అమ్ముకుపోతుంటే ఆపే దిక్కే లేదు.’ రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో దేవాదాయ భూములు, వక్ఫ్ భూములు ఉంటాయి, వాటి మీద సబ్‌రిజిస్ట్రారు దస్తావేజు రిజిస్టరు చేయడు. చర్చి భూమికి ఆ కంచె లేదు. శాఖ లేకపోవడం ఒకరికి స్వేచ్ఛ అయితే ఇంకొకరికి గాలికి వదిలేయడం.

మాన్యం వేలం దగ్గరికి వద్దాం, అసలు రాపిడి అక్కడే. దాళ్వా కోతలయ్యాక, కాలవలకు నీళ్లు వదిలే లోపు వేలాలు. సాధారణంగా మూడేళ్ల కౌలు. నోటీసు అంటిస్తారు, టముకు వేయిస్తారు, ధరావతు కట్టినవాళ్లు పాడతారు. కాగితం మీద నిక్షేపంలా ఉంటుంది. జరిగేదేమిటంటే, పాట ముందు రోజు రాత్రే ఊళ్లో నలుగురూ కూడబలుక్కుంటారు. లెక్క కోసం ఆరెకరాల మాన్యం అనుకుందాం. బయట మక్తా (కౌలుగా ఇచ్చే ధాన్యం) ఎకరాకు 30 బస్తాలు నడుస్తుంటే వేలంలో 18 దగ్గర ఆగిపోతుంది. ఎకరాకు 12 చొప్పున ఆరెకరాలకు ఏడాదికి 72 బస్తాలు, మూడేళ్లకు 216 బస్తాలు దేవుడికి లోటు. పాడినవాడు తాను దున్నడు, ఇంకొకడికి 28కి ఇస్తాడు. కింది కౌలుదారుకు కాగితం ఉండదు, తుపానుకు చేను పడిపోతే పరిహారం పాడినవాడి ఖాతాలో పడుతుంది. గడువు అయ్యాక చేను వదలమంటే స్టే తెచ్చుకుంటాడు. ఇక వరికని తీసుకుని రొయ్యల చెరువు తవ్వితే పక్క చేలకు ఉప్పు ఎక్కుతుంది, ఈవో నోటీసు ఇచ్చేసరికి రెండు పంటలు అయిపోతాయి.

అందరూ దొంగలు కాదు సుమా. రెండున్నర ఎకరాల పల్లం లేదా ఐదెకరాల మెట్ట లోపు ఉన్నవాళ్లను చట్టం భూమిలేని పేదలుగానే లెక్కిస్తుంది, వాళ్లకు వేలం పోటీ నుంచి కొంత వెసులుబాటు ఇస్తుంది. తాతల నుంచి గుడి చేను దున్నే కుటుంబానికి అది దేవుడి భూమి అన్న భయం, భక్తి రెండూ ఉంటాయి. మక్తా ధాన్యం తెచ్చి ముందు ధ్వజస్తంభం దగ్గర దించి, ఆ తర్వాతే రసీదు అడుగుతాడు.

సొమ్ము ఇటు నుంచి అటు వెళ్లడమే కాదు, అటు నుంచి ఇటూ వస్తుంది. రాబడి లేని గుళ్లకు ధూపదీప నైవేద్యం పథకం కింద ఇప్పుడు నెలకు 10 వేలు. ఇమాములకు, మౌజన్లకు గౌరవ వేతనాలు. జెరూసలేం యాత్రకు సాయం. హజ్ రాయితీ 2018లో ఆపేశారు. ఇవన్నీ 27వ అధికరణానికి విరుద్ధం కాదా అని అడుగుతారు. ఆ అధికరణం నిషేధించింది ఒక మతం కోసమని ప్రత్యేకంగా పన్ను వేయడాన్ని. సాధారణ ఖజానాలోంచి కొద్ది మొత్తం పోతే తప్పులేదని హజ్ కేసులో సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. అది చట్టం మాట. ఒకరికి ఇచ్చి రెండోవారికి ‘మీకూ ఇస్తాం’ అంటూ పోతే, దూరంగా ఉండాల్సిన ప్రభుత్వం అందరికీ దాత అయి కూర్చుంటుంది. మన దగ్గర ‘సర్వమత సమభావం’ కాలక్రమంలో సర్వమత పద్దు అయింది.

అమెరికా గోడతో, ఫ్రాన్సు విడాకులతో పోల్చి చూస్తే మనది లోపంలా కనిపించే చోటు ఇంకొకటుంది, ఈ డెల్టాలో అది మరీ పదునైనది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులకే ఆ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి వెళ్లిన మాల, మాదిగ కుటుంబాలు మన రాష్ట్రంలో బీసీ-సి, ఒక శాతం రిజర్వేషన్. 1977లో రాష్ట్రం ఓ జీవోతో చట్టపరమైనవి కాని రాయితీలు మాత్రం వాళ్లకూ ఇచ్చింది. అమలాపురం లోక్‌సభ, దాని కింద అమలాపురం, రాజోలు, పి.గన్నవరం అసెంబ్లీ స్థానాలు ఎస్సీ రిజర్వుడు. ఆదివారం మందిరానికి వెళ్లే మనిషి సర్టిఫికెట్‌లో ఏం రాసుకోవాలన్నది అక్కడ నామినేషన్ దగ్గరి నుంచి అట్రాసిటీ కేసు దాకా అన్నిటినీ తేల్చేస్తుంది. కులం మతంతో పాటు మారదని పేటలో ఉండేవాళ్లందరికీ తెలుసు. కాగితం మాత్రం మారిందంటుంది. రాజ్యానికి మతం లేదని పీఠికలో రాసుకుని, మనిషి మతాన్ని బట్టి హోదా ఇవ్వడం లౌకికమా అన్న ప్రశ్నకు ఇంతవరకు సూటి జవాబు రాలేదు.

మైకుల సంగతి దీనితో పోలిస్తే తేలిక. గుడి సుప్రభాతం, మసీదు అజాన్, మందిరం ప్రార్థన, ముగ్గురికీ 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు లేదు. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా వెసులుబాటు ఇవ్వొచ్చు. ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఒక చర్చి కేసులో సుప్రీంకోర్టు ఆ ఏడాదే చెప్పింది, ఏ మతమూ పక్కవాడి నిద్ర చెడగొట్టి ప్రార్థించమనలేదని. నియమం ఒకటే కావడం వల్ల ఇక్కడ తగువు తీర్చడం సులువు. ఎస్సై ఒకరి దగ్గరే మైకు దించి రెండోవారిని వదిలేసిన రోజున మాత్రం ఊరు రెండవుతుంది.

పుష్కరాలు చూడండి. బృహస్పతి సింహరాశిలోకి రావడం పంచాంగం చెప్పాల్సిన మాట. ఘాట్లకు మెట్లు, మరుగుదొడ్లు, బారికేడ్లు ప్రభుత్వం పని. 2015 జులై 14న, తొలి రోజే, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో పాతిక మందికి పైగా తొక్కిసలాటలో చనిపోయారు. ఒకే ఘాట్‌లో, ఒకే ముహూర్తానికి మునగాలన్న ఆత్రం ఒకవైపు, లోపలికీ బయటికీ జనాన్ని నడిపే దారి సరిపోకపోవడం ఒకవైపు. మళ్లీ 2027లో వస్తున్నాయి. ఏ ఘాట్‌లో మునిగినా గోదావరి గోదావరే అని చెప్పాల్సింది పండితులు. ఘాట్ నిండగానే గేటు వేయాల్సింది కలెక్టరు. ఒకరి పని రెండోవారు చేయబోతే ఏమవుతుందో చూశాం.

‘గుళ్లకు ప్రభుత్వం నుంచి విముక్తి’ అన్న డిమాండ్ ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది. శాఖ మీద కోపానికి కారణాలున్నాయి: ఒక్క ఈవోకు ఎన్నో గుళ్లు, బదిలీలు, ట్రస్టు బోర్డు పదవులు పార్టీ వాళ్లకు. ప్రభుత్వం గుడి నడిపితే గుడిలో జరిగే ప్రతి లోపమూ అధికార పార్టీ పాపం అవుతుంది. 2020 సెప్టెంబరులో అంతర్వేది నరసింహస్వామి రథం కాలిపోయినప్పుడు కొత్త రథం చేయించే బాధ్యతా, నిందా రెండూ సర్కారు మీదే పడ్డాయి. కానీ 1863లో ఒకసారి విముక్తి ఇచ్చి చూశాం. అప్పుడు పోయిన చేలు ఇంకా వెనక్కి రాలేదు. ఈవో పోవాలనేవాళ్లు, ఉండాలనేవాళ్లు ఇద్దరూ ముందు తమ ఊరి గుడి దస్త్రం ఒకసారి తెరిస్తే వాదన నేల మీదికి దిగుతుంది.

తెరవడం కష్టమేం కాదు. 1987 చట్టం 43వ సెక్షన్ కింద ప్రతి గుడికీ ఆస్తుల రిజిస్టరు ఉండాలి, ఊళ్లల్లో ‘43 రిజిస్టరు’ అనే అంటారు. అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసులో నకలుకు దరఖాస్తు పెట్టుకోవాలి. అంతకు ముందుదైతే 1966 చట్టం కింద 38 సెక్షన్ రిజిస్టరు. దాంట్లోని సర్వే నంబర్లు, విస్తీర్ణం ఒక కాగితం మీద రాసుకుని ఇనాం ఫెయిర్ రిజిస్టర్‌తో, రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టర్‌తో (ఆర్.ఎస్.ఆర్) సరిచూసుకోవాలి. టైటిల్ డీడ్ నంబరు కలవాలి. సబ్‌డివిజన్లు పడ్డ చోట 4 కాస్తా 4/1, 4/2ఏ అయి, అందులో ఒక ముక్క జారిపోయి ఉంటుంది. ఆ తర్వాత నేటి అడంగల్ (ఏ చేను ఎవరి సాగులో ఉందో రాసే రికార్డు), 1బి (భూమి హక్కుల రికార్డు). కొత్త రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది, రెంటినీ కలిపే పట్టిక లేకుండా ముందుకు పోతే తప్పుదారి పడతారు. చివరగా ఆ నంబర్లు 22ఏ జాబితాలో ఉన్నాయో లేదో చూడాలి. రిజిస్టర్‌లో ఉండి జాబితాలో లేని ముక్క ఈ పాటికే అమ్ముడుపోయి ఉండొచ్చు. జాబితాలో ఉండి రిజిస్టర్‌లో లేకపోతే ఎవరో పేదవాడి సొంత చేను పొరపాటున దేవుడి పద్దులో ఇరుక్కుంది, వాడు కూతురి పెళ్లికి అమ్ముకోలేక ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఉంటాడు.

అడంగల్‌లో అనుభవదారు అని ఒక గడి ఉంటుంది. గుడి చేను దగ్గర ఆ గడిలో మూడు రకాల రాతలు కనిపిస్తాయి: దేవుడి పేరు, కౌలుదారు పేరు, లేదా ఏమీ ఉండదు. ఏమీ లేని వరస దగ్గర వేలు పెట్టి, మొన్నటి దాళ్వా ఎవరు కోశారని చేనిగట్టు మీద అడగండి.